ఎవరి సొమ్ము, ఎవరి పాట: విశాఖ సీమలో వేలాల సింహావలోకనం

విశాఖ సీమలో వేలాలు రెండు రకాలు. పిలుపు రాగానే జనం గుమిగూడేవి కొన్ని, పిలుపు చెవిన పడగానే జనం తలుపులు వేసుకునేవి కొన్ని. సంత ఆశీలు, ఊరి చెరువులో చేప, దేవుడి మాన్యం కౌలు, వినాయకుడి లడ్డూ, అనకాపల్లి యార్డులో బెల్లం, రేవులో వంజరం మొదటి రకం. కాడెడ్లు, గంగాళాలు, కళ్లంలో ధాన్యం, ఆఖరికి తలదాచుకునే కొంప రెండో రకం. రెండు వందల ఏళ్లకు పైబడిన ఈ కథను వెనక్కి తిరిగి చూసినప్పుడు ప్రతి వేలం దగ్గరా నేను అడిగే ప్రశ్నలు రెండే. ఆ సొమ్ము ఎవరిది? పాట పెట్టింది ఎవరు?

అమెరికా పల్లెల్లో ముసలి రైతు కాలం చేసినా, సేద్యం మానుకున్నా, ఇంటి సామాను, ట్రాక్టరు, ఆవులు అన్నీ వాకిట్లో పరిచి వేలం వేస్తారు. చుట్టుపక్కలవాళ్లు వస్తారు, తిండి పెట్టుకుంటారు, కుర్చీ ఒకరు, కొడవలి ఒకరు పట్టుకుపోతారు. అందులో వాళ్లకు నామోషీ లేదు. మన వైపు ఆ ఆనవాయితీ ఎన్నడూ లేదు. ఇంటి పెద్దావిడ పోతే ఆవిడ పేరు కొట్టించిన ఇత్తడి బిందెలు కూతుళ్లకు, కోడళ్లకు పంచుతారు. ఎడ్లను అమ్మాలంటే అలమండ సంతకు తోలుకెళ్లి, తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం చేసుకుంటారు, ధర పదిమందికీ తెలియకుండా. ఇంట్లో వస్తువును నడివీధిలో అరిచి అమ్మడమంటే ఆ ఇంటికి చావుకన్నా పెద్ద కీడు జరిగినట్టే. వేలంలో కొన్న చెంబుతో నీళ్లు తాగితే ఆ ఇంటి ఉసురు తగులుతుందనే మాట ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినిపిస్తుంది.

ఇంటి సామాను కేకేసి అమ్మే పద్ధతి మనకు ఓడల మీద వచ్చింది. 1682లో ఈస్టిండియా కంపెనీ విశాఖలో కోఠీ పెట్టుకుంది. కంపెనీ స్థావరాల్లో ఎవరైనా దొర జ్వరం వచ్చి చనిపోతే అతని బట్టలు, బల్లలు, సారా సీసాలు కేకేసి అమ్మి, వచ్చిన డబ్బు లెక్క కట్టి ఇంగ్లండులోని వారసులకు పంపేవారు. ఆరు నెలల ప్రయాణం దూరంలో ఇల్లున్నవాడి సామానుకు అంతకన్నా మార్గం లేదు. అది వాళ్ల అవసరం, వాళ్లలో వాళ్లు చేసుకున్న ఏర్పాటు. ఆ పద్ధతే శిస్తు వసూలుకు పనిముట్టు అయ్యాక ఈ సీమ నేల మీద దాని దెబ్బ పడింది.

1802లో పర్మనెంట్ సెటిల్మెంట్ వచ్చింది. పాత జమీందారులకు సనదులిచ్చి పేష్కషు ఖాయం చేశారు. సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి బహిరంగ వేలానికి పెట్టారు. ఊళ్లకు ఊళ్లు, చెరువులతో, తోటలతో, అందులో దున్నుకునే మనుషులతో సహా ఒక పాటలో చేతులు మారాయి. డబ్బున్న విజయనగరం సంస్థానం వాటిలో చాలా వాటిని కొనుక్కుంది. కిస్తీ గడువు తప్పితే జమీందారీ కూడా వేలానికి పోవాల్సిందే. కొండ అంచున ఉన్న గొలుగొండ జమీందారీకి 1837లో ఆ గతే పట్టింది. బకాయిల కింద వేలం వేశారు, సర్కారే కొనుక్కుంది. బాకీ ఎవరికి పడ్డారో వాళ్లే కొనుగోలుదారు. పాడేవాడు లేనప్పుడు నామమాత్రపు ధరకు భూమిని సర్కారు తన ఖాతాలో వేసుకునే పద్ధతి ఆ తర్వాత కూడా రెవెన్యూ శాఖలో చాలాకాలం నడిచింది. తాతల నాటి ఎస్టేటు ఇలా చేజారిపోతే కొందరు కత్తి పట్టారు. 1832 నాటికి విశాఖ, పర్లాకిమిడి ప్రాంతాల్లో కల్లోలం ముదిరి, దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపాల్సి వచ్చింది.

జమీందారుకు పట్టిన గతి గురించి చరిత్ర పుస్తకాలు రాస్తాయి. జమీందారు కింద రైతుకు ఏం జరిగిందో వెతుక్కోవాలి. 1864 రెవెన్యూ రికవరీ చట్టం సర్కారు బకాయికి, 1865 రెంట్ రికవరీ చట్టం జమీందారు బకాయికి జప్తు దారి చూపించాయి. అమీనా వస్తాడు, కరణం లెక్క చదువుతాడు, మునసబు పక్కన నిలబడతాడు, బారికి తప్పెట కొడతాడు. ఆ తప్పెట రైతు ఇంటి ముందే మోగాలి, ఊళ్లో అందరికీ వినపడాలి. ఎక్కువమంది కొనేవాళ్లు వస్తే మంచి ధర వస్తుందన్నది చట్టం ఉద్దేశం. పరువు పోతుందన్న భయానికి రైతు ముందుగానే షావుకారు దగ్గరికి పరిగెత్తేవాడు, తప్పెట మోగే లోపే నోటు రాసిచ్చేవాడు. జప్తు తప్పేది, అప్పు రెట్టింపయ్యేది. రెండేళ్ల తర్వాత అదే అప్పు మీద కోర్టు డిక్రీ పట్టుకుని అదే అమీనా మళ్లీ వచ్చేవాడు.

కొండ మీద ఇంతకన్నా ఘోరం. 1879లో రంప పితూరీ లేచి గొలుగొండ కొండల దాకా పాకినప్పుడు విచారణకు వచ్చిన సలివన్ ముందు కొండవాళ్లు చెప్పుకున్న గోడులో కల్లు మీద వేసిన చిగురుపన్ను ఒకటి, మైదానం కోర్టులు రెండోది. కల్లుగీత మీద హక్కును సర్కారు గుత్తకిచ్చింది. ఇక కోమట్లు, వర్తకులు ఎక్కడో రాజమండ్రిలో దావా వేసి, ప్రతివాది రాకుండానే డిక్రీ పుచ్చుకుని కొండెక్కేవారు. 5 రూపాయల బాకీకి 100 రూపాయల విలువైన పశువులు, ధాన్యం తోలుకుపోయారని ఆ విచారణలో బయటపడింది. ఎప్పుడూ చూడని కోర్టు, చదవలేని కాగితం, తెలియని భాషలో తీర్పు. దానికి గొడ్డు పోయింది. ఆ గొడ్డుతోపాటే ఆ ఏటి పోడు పోయింది. పితూరీ ఎందుకు లేచిందని అడగడం ఆ తర్వాత అనవసరం.

ఆ నెత్తురు ఊరికే పోలేదు. 1917 ఏజెన్సీ చట్టం కొండప్రాంతంలో వడ్డీని ఏడాదికి 24 శాతం దాటనివ్వలేదు, గిరిజనుడి భూమి అనుమతి లేకుండా గిరిజనేతరుడి చేతికి పోకుండా కట్టుదిట్టం చేసింది. స్వతంత్రం వచ్చాక 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, 1970లో దానికి చేసిన సవరణ ఆ కంచెను మరింత బిగించాయి. డబ్బు డిక్రీ కింద గిరిజనుడి భూమిని జప్తు చేసి వేలం వేయడాన్ని కూడా అడ్డుకున్నాయి. పాడేరు, అరకు వైపు ఇవాళ కాఫీ తోట గిరిజన కుటుంబం పేరున మిగిలి ఉందంటే ఈ కంచె వల్లనే. దాన్ని తీసేయాలనే వాదన పెట్టుబడి పేరుతో అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది. లేచినప్పుడల్లా 5 రూపాయల బాకీ కథ మళ్లీ చెప్పాలి.

మైదానంలో రైతుకు చట్టం ఇచ్చిన రక్షణ ఒక జాబితా రూపంలో ఉంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షను. జప్తు చేయకూడనివేవో అందులో రాశారు. ఒంటి మీది అవసరమైన బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు, ఆడమనిషి ఆచారం ప్రకారం విడవకూడని నగ, చేతిపనివాడి పనిముట్లు, సేద్యగాడి నాగలి, బతుకుతెరువుకు కావలసిన ఎడ్లు, విత్తనాలు, అతను కాపురముండే ఇల్లు. చట్టాల్లో నేను ప్రేమతో చదివిన పేజీ ఇదొక్కటే. మనిషి బతకడానికి కనీసం ఏం కావాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. మంగళసూత్రం, కుండ, విత్తనం ఒకే వరసలో చేర్చారు.

మిగతా నిబంధనలూ తీసిపారేసేవి కావు. స్థిరాస్తి అయితే చాటింపు వేశాక 15 రోజులు, చరాస్తి అయితే 7 రోజులు గడవకుండా పాట పెట్టకూడదు. కోసిన పంట అయితే కళ్లం దగ్గరో గడ్డివామి దగ్గరో అమ్మాలి. డిక్రీ పొందినవాడు కోర్టు అనుమతి లేకుండా పాడకూడదు. అమ్మకంతో సంబంధమున్న ఉద్యోగి అసలు పాడకూడదు. భూమి పాడుకున్నవాడు అప్పటికప్పుడు పావు వంతు కట్టాలి, మిగతాది 15 రోజుల్లో. ఆ తర్వాత కూడా బాకీ సొమ్ము, కొన్నవాడికి 5 శాతం అదనంగా కోర్టులో జమ చేస్తే అమ్మకం రద్దవుతుంది. కాగితం మీద ఇంత కరుణ ఉంది. ఊళ్లో మాత్రం డిక్రీదారు తన బావమరిది చేత పాడించేవాడు, చాటింపు సంతరోజు మధ్యాహ్నం జనం లేని వీధిలో వేయించేవాడు, 60వ సెక్షను సంగతి రైతుకు చెప్పే నాథుడే ఉండేవాడు కాదు.

చట్టం చేయలేని పని కొన్నిసార్లు ఇరుగుపొరుగు చేశారు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నుల నిరాకరణ సాగినప్పుడు సర్కారు గొడ్డూ గోదా జప్తు చేసింది. పాట పెడితే పాడేవాడు లేడు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చేశారు, తప్పెట కొట్టే మనిషీ దొరకలేదు. పదేళ్ల తర్వాత ఆర్థిక మాంద్యంలో అమెరికా రైతులు ఇదే పని మరో తీరుగా చేశారు. 1931లో నెబ్రాస్కా రాష్ట్రం మాడిసన్ కౌంటీలో అప్పు కింద ఒక కుటుంబం పశువులను, పనిముట్లను వేలం వేస్తే, పొరుగువాళ్లు ఒక్కో దానికి నాలుగైదు సెంట్లు పాడి, పైమాట మాట్లాడబోయినవాణ్ని చూపులతోనే ఆపి, మొత్తం 5 డాలర్ల 35 సెంట్లకు కొనేశారు. కొన్నవన్నీ ఆ కుటుంబానికే తిరిగి ఇచ్చేశారు. ఎక్కడి పెదనందిపాడు, ఎక్కడి నెబ్రాస్కా! వాళ్లూ వీళ్లూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. పొరుగువాడు నోరు మెదపకపోతే వేలం చచ్చిపోతుందని మాత్రం ఇద్దరికీ తెలుసు.

మాంద్యం మన కోస్తానూ కుంగదీసింది. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం తగ్గలేదు, అప్పు బరువు రెట్టింపయింది. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు రక్షణ యాత్ర ఈ జిల్లా గుండానే నడిచింది. శ్రీకాకుళం 1950 దాకా, విజయనగరం 1979 దాకా విశాఖ జిల్లా నుంచి వేరుపడలేదన్నది గుర్తు పెట్టుకోవాలి. యాత్రికులు దారి పొడుగునా విన్నవి జప్తుల కథలే. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ మొత్తం మాఫీ. అసలుకు రెట్టింపు ఇదివరకే చెల్లించి ఉంటే అప్పు తీరినట్టే. పదేళ్లకు, 1948లో, ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ జప్తులకు కాలం చెల్లింది.

ఇక జనం గుమిగూడే పాటల సంగతి. పంచాయతీ ఆదాయమంతా ఒకప్పుడు వీటి మీదే నడిచేది. సంత ఆశీలు, చెరువు గట్టున చింతచెట్ల కాపు, చేపల హక్కు, బందెల దొడ్డిలో ఎవరూ విడిపించుకోని పశువు. అన్నిటికీ రచ్చబండ దగ్గర పాట. అక్కడ పోటీ ఉంటుంది, పంతం ఉంటుంది, ఒక్కోసారి తలకాయలు పగులుతాయి. అయినా ఆ సొమ్ము ఊరిది, డబ్బు ఊరి ఖాతాలోకే వస్తుంది. సారా పాట మాత్రం ఈ వరసలో చేరదు. అక్కడ వేలానికి పెట్టింది కూలివాడి గొంతు తడి, ఖజానాలో పడ్డది అతని పెళ్లాం కూలి డబ్బు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా అంటుకుని, సారా వేలం జరిగే చోటికే ఆడవాళ్లు వెళ్లి అడ్డంగా కూర్చున్నారు. పాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మన చరిత్రలో వేలాన్ని నిలదీసి గెలిచినవాళ్లు ఎవరంటే నేను ముందు ఆ ఆడవాళ్ల పేరే చెబుతాను.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. చోడవరం, మాడుగుల, దేవరాపల్లి, మునగపాక, కశింకోట ఊళ్ల నుంచి ఒకప్పుడు బళ్లు, ఇప్పుడు వ్యాన్లు తెల్లవారకుండానే యార్డుకు చేరతాయి. దిమ్మలు వరసలుగా పేరుస్తారు. వర్తకులు నడుచుకుంటూ వస్తారు, గోటితో చిన్న పలుకు గిల్లి నోట్లో వేసుకుంటారు, రంగు చూస్తారు, గట్టిదనం చూస్తారు. నిమిషంలో పాట ముగుస్తుంది, కొలగార్లు తూకానికి ఎత్తుతారు. పాకం దించడం ఒక్క క్షణం ఆలస్యమై రంగు మాడితే రెండో రకం, ఇంకా నల్లబడితే మూడో రకం. చెరకు నాటింది మొదలు పడిన కష్టానికి ఆ నిమిషంలో ధర కడతారు. పైకి బహిరంగ వేలమే. అయితే ఎరువులకు, కూలీలకు ముందుగా డబ్బిచ్చిన కమిషను వర్తకుడి కొట్టుకే రైతు బెల్లం తేవాలి. పాట పాడేవాళ్లు నలుగురున్నా, సరుకు ఎక్కడ దించాలో ఎంచుకునే వీలు రైతుకు లేదు. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం పెట్టారు, మంచి వంగడాలు వచ్చాయి. పెట్టుబడి అప్పు ముడి మాత్రం ఏ వంగడమూ విప్పలేకపోయింది.

చేపల రేవు పాట వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధపు 61 రోజులు తప్పిస్తే, ఏ తెల్లవారుజామునైనా వెళ్లి చూడవచ్చు. మరపడవ ఆగుతుంది, కళాసీలు గంపలు అందిస్తారు, తడి నేల మీద రొయ్యలు, చందువలు, కానాగడతలు వేరువేరు కుప్పలు పడతాయి. చుట్టూ ఆడవాళ్లు, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని. "ఏటే అప్పా, ఆరొందలకే ఆపేస్తావా?" అని ఒకామె ఎగదోస్తుంది, రెండో ఆమె చేప చెవి ఎత్తి ఎరుపు చూసి ఇంకో ఇరవై పెంచుతుంది. మూడోసారి అనేలోపే గంప నెత్తి మీదికి వెళ్తుంది. వచ్చిన డబ్బులో డీజిలు, ఐసు ఖర్చులు తీసేశాక యజమానికీ కళాసీలకూ వాటాలు. ఈ పాటలో అమ్మేవాడికీ కొనేవాడికీ సరుకు తెలుసు, ఎదుటివాడు తెలుసు, రేపు మళ్లీ మొహం చూసుకోవాలని తెలుసు. ఈ సీమలో నేను చూసిన వేలాల్లో ఇంతకన్నా నిజాయితీ గల పాట లేదు. దళారీ అప్పు ఇక్కడా లేకపోలేదు, కానీ ధర నలుగురి ఎదుటా పలుకుతుంది.

ఓడరేవు 1933లో తెరుచుకుంది. గడువు దాటినా ఎవరూ విడిపించుకోని సరుకును వేలం వేయడం రేవులకు మామూలే. ఆ తర్వాత ఉక్కు కర్మాగారం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 ఊళ్లు లేచిపోయాయి, 20 వేల ఎకరాలకు పైగా భూమి వెళ్లింది. ఆ భూమికి ఎవరూ పాట పెట్టలేదు. 1894 భూసేకరణ చట్టం కింద ధర ఒక పక్షమే రాసింది. ఉద్యోగం వస్తుందని ఆర్ కార్డు చేతిలో పెట్టారు. అది పట్టుకుని ముసలితనం దాకా తిరిగినవాళ్లు గాజువాక, పెదగంట్యాడ వైపు ఇప్పటికీ ఉన్నారు. 2021 జనవరి 27న అదే కర్మాగారంలో వాటాలన్నీ అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. ఈ మధ్యలో మిగులు స్థలాలు అమ్మి అప్పులు తీర్చాలనే ప్రతిపాదనలూ వచ్చాయి. పాట లేకుండా తీసుకున్న నేలను పాట పెట్టి అమ్మడం న్యాయమని నేను అనుకోను. అమ్మక తప్పకపోతే మొదటి వాటా ఆ 64 ఊళ్లవాళ్లది.

1978లో నగరాభివృద్ధి సంస్థ వుడా వచ్చినప్పటి నుంచి నగరం చుట్టూ పొలాలు ప్లాట్లుగా వేలానికి వెళ్లాయి. 2018లో అది వీఎంఆర్డీఏ అయ్యాక పాట కంప్యూటర్ తెరకెక్కింది. బ్యాంకుల వేలాలదీ అదే దారి. 2002 సర్ఫేసీ చట్టం కోర్టు మెట్లెక్కకుండానే తనఖా ఇల్లు అమ్ముకునే అధికారం బ్యాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమిని మాత్రం 31వ సెక్షను మినహాయించింది, అంతవరకు మేలు. తప్పెట లేదు, అమీనా లేడు, పొరుగువాడికి తెలియదు. పరువు కాస్త దక్కిందని సంతోషించవచ్చు. అయితే పాడేవాడు ఏ ఊళ్లో కూర్చున్నాడో తెలియదు. చూపులతో ఆపడానికి ఎదురుగా మనిషే లేడు.

ఇవాళ పల్లెల్లో ఎక్కువగా వేలానికి వస్తున్నది బంగారం. నాట్లకు, ఫీజులకు, ఆసుపత్రికి గొలుసు తాకట్టు, కొన్నిసార్లు పుస్తెలతాడే తాకట్టు. అమీనా ముట్టుకోకూడదని 60వ సెక్షను రాసిన నగను ఆవిడే తీసుకెళ్లి కౌంటరులో పెడుతోంది. తాకట్టు పెట్టినదానికి ఆ రక్షణ వర్తించదు. గడువు దాటితే పేపర్లో చిన్న అక్షరాల్లో ఒక ప్రకటన వస్తుంది. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వేలానికి ముందు అప్పు తీసుకున్న మనిషికి తగిన నోటీసు ఇవ్వాలి, కనీస ధర ఆనాటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు, రెండుసార్లు పాట విఫలమైతేనే 85 శాతానికి దిగవచ్చు. బాకీ పోగా మిగిలిన సొమ్ము ఏడు పని దినాల్లో ఆమెకు తిరిగి ఇవ్వాలి. నగ పోయిందని ఏడ్చి ఊరుకునే ఇళ్లు నాకు తెలుసు, మిగులు డబ్బు తమదేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మీ వీధిలో ఎవరి నగైనా వేలానికి వెళ్లి ఉంటే ఆ కాగితం తీయించండి. ఏ రోజు పాట జరిగింది, ఎంతకు కొట్టేశారు, బాకీ ఎంత, మిగిలింది ఎంత అని బ్యాంకులో రాతపూర్వకంగా అడిగించండి.